ఏప్రిల్ పచ్చదనం

నెవాడాలో ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు నేను చేసిన మ్యాప్ తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. సేజ్ గ్రౌస్ అనే పక్షి బతకడానికి వీలైన చోట్లు వెతకడం పని. ఏప్రిల్ నెల ల్యాండ్‌శాట్ ఉపగ్రహం బొమ్మలు దించుకుని, ఎన్‌డీవీఐ అనే పచ్చదనం కొలిచే అంకె లెక్కకట్టి, అంకె ఎక్కువ వచ్చిన చోటల్లా ముదురాకుపచ్చ పూశాను. పచ్చటి ఆకు ఎర్ర కాంతిని మింగేసి, మన కంటికి ఆనని సమీప పరారుణాన్ని వెనక్కి కొడుతుంది. ఆ రెండింటి తేడాని వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఆ అంకె. లెక్కలో తప్పేం లేదు.

ఫీల్డ్ పనులు చూసే పెద్దాయన మ్యాప్ చూసి ఏమీ అనలేదు. మే నెలలో ఓ పొద్దున ట్రక్కెక్కమన్నాడు. రెండు గంటలు మట్టిరోడ్డు మీద ఎగిరెగిరి పడ్డాక, నా మ్యాప్‌లో అన్నిటికన్నా ముదురుగా ఉన్న చోట దింపాడు. మోకాలి కిందికి మెత్తటి గడ్డి, కంకులు అప్పుడే ఊదారంగు తిరుగుతున్నాయి. సేజ్‌బ్రష్ పొద ఒక్కటి లేదు, అక్కడక్కడా మాడిన మొదళ్లు తప్ప.

"చీట్‌గ్రాస్. ఇంకో నెలాగితే అగ్గిపుల్ల చాలు" అన్నాడు.

యురేషియా నుంచి వచ్చిన గడ్డి అది. అందరికన్నా ముందు పచ్చబడి, ముందే ఎండుతుంది. కాలినా మళ్లీ అదే లేస్తుంది. సేజ్‌బ్రష్ కాలితే మొదట్లోంచి చిగురించదు, గింజ పడి మొలవాల్సిందే, దశాబ్దాలు పడుతుంది. చలికాలమంతా ఆ పక్షికి తిండి దాని ఆకులే. వాటి మీది వెండి నూగు వల్ల బొమ్మలో పొద బూడిదరంగుగా, నీరసంగా కనిపిస్తుంది. పనికిరాదని నేను ఖాళీగా వదిలేసిందే పక్షి ఇల్లన్నమాట. (ఈ గడ్డిని ఆఫీసులో పరాయి జాతి అంటారు. ఆ వసంతమే నేను నింపిన ట్యాక్స్ ఫారం కూడా నన్ను 'ఏలియన్' అనే అంది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.)

ఇప్పుడు ఒక్క తేదీ బొమ్మని నమ్మను. ఏప్రిల్, జూలై పక్కపక్కన పెడతాను. అంకె ఢమాలని పడితే గడ్డి, పెద్దగా కదలకపోతే పొద. పాత బొమ్మలు 2008లో అందరికీ ఉచితమయ్యాయి కాబట్టి ఏ చోటు ఏ ఏడు కాలిందో కూడా వెనక్కెళ్లి చూసుకోవచ్చు.

30 మీటర్ల పిక్సెల్‌లో కంచె తీగ కనపడదు. కానీ పశువులు మేసిన వైపు ఒక రంగు, మేయని వైపు ఇంకో రంగు, మధ్యలో స్కేలు పెట్టి గీసినట్టు గీత. కిందగా ఎగిరే ఈ పక్షులు ఆ తీగలకే గుద్దుకుని చస్తాయి. అందుకే వసంతంలో మగపక్షులు చేరి ఆడే మైదానాల పక్కగా పోయే గీతలన్నీ ఏరి పెట్టాను. పోయిన నెల ఆ పెద్దాయనతో వెళ్లి, ఒక కంచె పొడవునా తెల్ల ప్లాస్టిక్ ముక్కలు తగిలించాం. సాయంత్రం ట్రక్కెక్కుతూ ఆయన నా మ్యాప్ అడిగి తీసుకుని, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.