పుల్లల ఆట, చేతి గడియారం: మా తండా అంగన్‌వాడీలో ఒక పరిశీలన

నేను దేవరకొండ వైపు ఒక తండాలో అంగన్‌వాడీ టీచర్‌ని. పోషణ్ ట్రాకర్ అనే ప్రభుత్వ యాప్ వచ్చాక బరువు, ఎత్తు, హాజరు అన్నీ ఫోన్‌లోకి ఎక్కుతున్నాయి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఏం వస్తోందని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ఒక సెక్టార్ మీటింగ్‌లో మా సూపర్‌వైజర్ మేడం ఆ మాట ఎత్తి, "మన కేంద్రాల్లో మనమే చూసుకుందాం" అన్నారు. ఇంకో రిజిస్టరు నెత్తిన పడుతుందని నాకు టెన్షన్.

పిల్లల్ని ఒక్కొక్కరిగా పక్కన కూర్చోబెట్టుకుని కందిపుల్లలు పొట్టి నుంచి పొడుగు దాకా పేర్చమన్నాం, రంగులవారీగా పూసలు వేరు చేయమన్నాం, నాలుగు ముక్కల బొమ్మ అతికించమన్నాం, బొమ్మ చూసి కథ చెప్పమన్నాం. 2019లో అసర్ (పల్లె పిల్లల చదువు ఎలా ఉందో చూసే సర్వే) వాళ్లు నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఇచ్చినవాటిలో ఇలాంటివి ఉన్నాయి. "ఏబీసీడీలు చెప్పక పుల్లలతో ఆడిపిస్తున్నరేంది టీచరమ్మా?" అని ఒక తల్లి నిలదీసింది. తెలుగులో చెబితే బిక్కమొహం వేసిన పిల్లలు, మా ఆయమ్మ లంబాడీలో చెప్పగానే చకచకా పేర్చేశారు. దాంతో మేడం ఒక నియమం పెట్టారు: ఏ భాషలోనైనా చెప్పొచ్చు, చేసి చూపించొద్దు.

అసలు కథ గడియారంతో మొదలైంది. పక్క కేంద్రం టీచర్ వచ్చి నేను ఏ పనికి ఎంతసేపు పెడుతున్నానో రాసుకుంది, నేను వెళ్లి ఆమెది రాశాను. గుడ్ల లెక్క, తూకాలు, ఫోన్‌లో ఎంట్రీలు, సిగ్నల్ కోసం గోడ పక్కన నిలబడటం... ఇవన్నీ పోగా ఆటపాటలకు మిగిలేది కాసేపే. తమిళనాడులో 640 కేంద్రాలు తీసుకుని, లాటరీ పద్ధతిలో కొన్నింటికి పిల్లల చదువు కోసమే సగం పూట పనిచేసే ఇంకో మనిషిని ఇచ్చి చూశారట. బోధన సమయం రెట్టింపైంది, భాష, లెక్కలు మెరుగయ్యాయి, పోషకాహార లోపం కూడా తగ్గింది. మాకు ఇంకో మనిషిని ఎవరిస్తారు! అందుకే పొద్దుటి పూట ఫోన్ బీరువాలో పెట్టి, ఎంట్రీలన్నీ పిల్లలు పడుకున్నాక చేయడం మొదలుపెట్టాను. తూకాలకు వేరే రోజు పెట్టుకున్నాను.

కొన్ని నెలల తర్వాత రెండో విడత చూస్తే ఫలితాలు బ్రహ్మాండంగా ఉన్నాయి. నాకు అనుమానం వచ్చింది. పిల్లలకు అన్ని నెలల వయసు పెరిగింది కదా, మేమేం చేయకపోయినా కొంత వచ్చేదే. పైగా మొదట్లో తడబడినవాళ్లలో కొందరు అమ్మానాన్నలతో హైదరాబాద్ అడ్డా కూలీకి వెళ్లిపోయారు, రెండో లెక్కలో లేనేలేరు. అందుకని రెండు విడతల్లోనూ ఉన్న పిల్లల్నే విడిగా చూశాం. అప్పటి నాలుగేళ్ల పిల్లల్ని ఇప్పుడు నాలుగేళ్లు నిండినవాళ్లతో పోల్చాం. పుల్లలు, పూసల దగ్గర తేడా నిలిచింది గానీ చిన్నగా కనిపించింది. బొమ్మ చూసి కథ చెప్పడంలో ఏ మార్పూ లేదు. ఆ చిన్న తేడాకైనా గడియారమే కారణమని గట్టిగా చెప్పలేం, మా దగ్గర ఉన్నది గుప్పెడు మంది పిల్లలే.

కథల కోసం ఇప్పుడు తండాలోని ముసలమ్మల్ని పిలుస్తున్నాం, వాళ్లు లంబాడీలోనే చెబుతారు. వలస వెళ్లొచ్చిన పిల్లలకు రిజిస్టరులో వేరే పేజీ పెడదామని అడిగితే మేడం సరే అన్నారు.