పలికింది!

కోఠి గుజరాతీ గల్లీలో కొన్న ఐసీలతో (ఎలక్ట్రానిక్ చిప్‌లతో) ఇంట్లో కట్టుకుంటున్న ఎలక్ట్రానిక్ ఆర్గన్ (కీబోర్డు వాద్యం) ఇవాళ అన్ని ఆక్టేవ్‌లలోనూ (స్థాయిల్లోనూ) పలికింది. ఎంత సంతోషంగా ఉందో! ఇందులోని కిటుకు నాకు భలే ఇష్టం. పై ఆక్టేవ్‌లోని 12 స్వరాలను శ్రుతి చేస్తే చాలు. ఒక్కో స్వరానికి ఒక 4024 ఐసీ ఫ్రీక్వెన్సీని సగానికి సగం తగ్గిస్తూ పోతుంది. 880 హెర్ట్జ్ ఇస్తే 440, 220, 110... కింది ఆక్టేవ్‌లన్నీ వాటంతటవే శ్రుతిలో ఉంటాయి.

మొదలుపెట్టేవాళ్లు ముందు పవర్ సప్లై పూర్తిచేసి, ఒక్క స్వరాన్ని కీ నుంచి స్పీకర్ దాకా పలికించండి. అది శుభ్రంగా వినిపించాకే మిగతా 11 జోలికి వెళ్లండి. సోల్డరింగ్ చేస్తున్నప్పుడే ప్రతి వైరుకూ చీటీ అంటించండి, తర్వాత టెన్షన్ ఉండదు. గ్రౌండ్ వైర్లన్నీ ఒకే చోట కలిపితే హమ్మింగ్ (స్పీకర్‌లో వచ్చే గుయ్‌మనే మోత) బాగా తగ్గుతుంది.

ఇక టేకు పెట్టె చేయించాలి. మల్కాజిగిరి వైపు మంచి వడ్రంగి తెలిస్తే చెప్పండి.