నన్నారి తాగొచ్చినావా?

మంగళవారం. పొద్దుటి నుంచీ ముసురు.

ఆఫీసుకి తయారవుతూ సెంటు సీసా చేతిలోకి తీసుకుంటే గుండె జారింది. మూడు నెలల కిందట కొన్నప్పుడు పలచటి టీ రంగులో ఉండేది. ఇప్పుడు చూస్తే చిక్కటి కాఫీ డికాషన్. పాడైపోయిందా, మోసపోయానా అని ఒకటే టెన్షన్. పుట్టినరోజుకి నాకు నేనే కొనుక్కున్న బహుమతి అది. దాని ధర ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఇక్కడా రాయను. కొట్టుకి ఫోన్ చేస్తే అక్కడి కుర్రాడు ఒక్క ముక్కలో తేల్చేశాడు. "అందులో వెనీలా ఉంది మేడమ్, నల్లబడుద్ది. వాసనకేం కాదు."

ఆటోలో కూర్చుని ఫోన్లో చూసుకుంటే నిజమే. వెనీలా కాయకి ఆ వాసన ఇచ్చే ముఖ్యమైన పదార్థం పేరు వెనిలిన్. రోజులు గడిచేకొద్దీ, గాలీ వెలుతురూ తగిలేకొద్దీ అది గోధుమ రంగుకి తిరుగుతుందట. తెల్ల సబ్బులో వేసినా అంతే. అయితే నా తెల్ల చున్నీ మీద పడ్డ మరక కూడా దీని పనే అన్నమాట. పోయిన వారం దాని గురించి ఇస్త్రీ అబ్బాయితో అనవసరంగా గొడవ పెట్టుకున్నాను. రేపు వచ్చినప్పుడు ఏదో ఒకటి చెప్పాలి. ఏం చెప్పాలో తెలీదు.

నిజానికి వెనీలా అంటే నాకు చాలా ఏళ్లు చులకన. ఐస్‌క్రీమ్ పార్లర్లో ఏం కావాలో తేల్చుకోలేనివాళ్లు అడిగేది. కేకులో గుడ్డు నీచు తెలియకుండా రెండు చుక్కలు వేసే ఎసెన్స్. దాన్ని ఒంటికి పూసుకోవడమేమిటి? మా ఇంట్లో సువాసనల లెక్కే వేరు. నాన్న కడప నుంచి హైదరాబాద్ వచ్చినప్పుడల్లా చార్మినార్ దగ్గర చిటికెన వేలంత అత్తరు సీసా కొనుక్కునేవారు. ఎప్పుడూ ఖస్సే, అంటే వట్టివేళ్లు. అమ్మకి మల్లెలు, మరువం, దవనం తప్ప మిగతావన్నీ "వాసన కొడతాండాయి" ఖాతాలోకే పోతాయి. పువ్వులు, వేళ్లు, చెక్కలు ఒంటికి. పాలు, నెయ్యి, బెల్లం వంటింటికి. ఈ రెండిటి మధ్యా గోడ ఉందని నేనూ నమ్మాను.

ఆ గోడ కూలింది ఒక స్నేహితురాలి ఇంట్లో. వాళ్లమ్మగారి పాత షాలిమార్ సీసా చూపించింది. గెర్లాన్ అనే సెంట్ల కంపెనీ వాళ్లు 1925లో పారిస్‌లో అమ్మకానికి తెచ్చిన సెంటు. పేరు మన వైపుదే. షాజహాన్, ముంతాజ్, షాలిమార్ తోటలు, ఆ కథంతా. జాక్ గెర్లాన్ అప్పటికే తమ కంపెనీలో ఉన్న జికీ అనే పాత సెంటులో ఇథైల్ వెనిలిన్ గుమ్మరించి చూస్తే ఇది పుట్టిందని చెబుతారు. వెనిలిన్ కన్నా ఘాటైన దాని చుట్టం ఇథైల్ వెనిలిన్. షాజహాన్ తోటలో మెక్సికో నుంచి వచ్చిన వెనీలా తీగ ఉండే ప్రసక్తే లేదు కానీ, పేరు బాగుంది కదా, పోనిద్దాం. ముందు నిమ్మజాతి పండ్ల చురుకు, ఆ వెనక తోలు, పొగ. ఐస్‌క్రీమ్ ఎక్కడా లేదు. మంచి పని జరిగిన ఇంట్లో మర్నాటిదాకా ఉండిపోయే వాసనలా ఉంది. నా మణికట్టు మీద అది రాత్రిదాకా ఉంది. నేను కూడా దాన్ని రాత్రిదాకా వాసన చూస్తూనే ఉన్నాను.

ఈ ఉండిపోవడంలోనే దాని గుట్టంతా ఉందని నాకనిపిస్తుంది. ఇవాళ కూడా అంతే. కొట్టుకోగానే నారింజ తొక్క గిల్లినట్టు ఒక చురుకు. ఆటో దిగేసరికి అది సగం పోయింది. వెనిలిన్ అంత తొందరగా ఆవిరి కాదు, అందుకే దాన్ని బేస్ నోట్ అంటారు. పదకొండింటికి గానీ పైకి రాలేదు. లిఫ్టులో పక్క సెక్షన్ ఆయన గాలి పీల్చి "ఇవాళ ఎవరిదండీ బర్త్‌డే? కేక్ వాసనొస్తోంది" అన్నారు. నేను నంబర్ల వైపు చూస్తూ నిలబడ్డాను. ఎండాకాలంలో అయితే ఈ సెంటు ముట్టుకోను. మే నెలలో కిక్కిరిసిన మెట్రోలో వెనీలా అంటే పక్కవాళ్లకి శిక్ష. దానికి ముసురు కావాలి, కొంచెం చలి కావాలి.

మధ్యాహ్నం డబ్బా ఖాళీ చేశాక ఇంకొంచెం చదివాను. వెనీలా పువ్వు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి వాడిపోతుంది. ఆ పూటలోనే పరాగం అందాలి. మెక్సికో దాటించి తీగల్ని ఎక్కడెక్కడికో తీసుకెళ్లారు. పూలు పూశాయి గానీ పరాగం అందక కాయలు అంతగా కాయలేదు. 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ అనే పన్నెండేళ్ల బానిస పిల్లాడు సన్నటి పుల్లతో పువ్వులోని చిన్న పొరని ఎత్తి, బొటనవేలితో పుప్పొడిని నొక్కి చూపించాడు. ఇప్పటికీ మడగాస్కర్ తోటల్లో ఒక్కో పువ్వుకీ చేత్తో చేసేది ఆ పనే. బానిసత్వం రద్దయ్యాక అతనికి ఆల్బియస్ అని ఇంటిపేరు వచ్చింది. డబ్బు మాత్రం రాలేదు. 1880లో పేదవాడిగానే పోయాడు. ఇది చదివాక కాసేపు కంప్యూటర్ తెర వైపు ఊరికే చూస్తూ కూర్చున్నాను.

ఇంకో సంగతి, పచ్చి కాయకి ఆ వాసనే ఉండదట. వేణ్ణీళ్లలో ముంచి, ఎండబెట్టి, దుప్పట్లలో చుట్టి నెలల తరబడి మాగబెడితే గానీ రాదు. అయితే నా సీసాలో ఉన్నది అలా మాగిన కాయలోంచి వచ్చిందని నాకేం భ్రమలు లేవు. 1874లోనే జర్మనీలో టీమన్, హార్మన్ అనే రసాయన శాస్త్రవేత్తలు పైన్ చెట్ల నుంచి తీసిన పదార్థంతో వెనిలిన్ చేసేశారు. ఇప్పుడు ఎక్కువగా పెట్రోలియం సరుకుల నుంచే వస్తోంది. దీనికి ముక్కు విరిచేవాళ్లని చూశాను. నేను విరవను. నిజమైన కాయ వాసన ఇంకా లోతుగా ఉంటుంది, ఒప్పుకుంటాను, కానీ నా జీతానికి ఇదే లోతు.

సాయంత్రం తడిసి ఇంటికొచ్చాను. చెప్పులు విప్పుతుంటే అమ్మ తువ్వాలు అందిస్తూ దగ్గరికొచ్చి ఆగింది.

"ఏమ్మే, నన్నారి తాగొచ్చినావా?"

ఈ ముసుర్లో నన్నారి ఎవరు తాగుతారమ్మా అన్నాను. "మరి నీ దగ్గర ఆ వాసన యాడిదే?" అని చున్నీ కొస పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. నవ్వి ఊరుకునేదాన్నే. కానీ అమ్మ ముక్కు మీద నాకు గౌరవం ఉంది, అన్నం అడుగంటుతుంటే వీధిలోంచి చెప్పగలదు. వెతికితే తేలింది. నన్నారి షర్బత్ చేసే సుగంధిపాల వేళ్లలోనూ, కొండల నుంచి తెచ్చే మారేడు గడ్డల్లోనూ ఆ వాసన ఇచ్చే పదార్థం వెనిలిన్‌కి తోబుట్టువు లాంటిది. కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ పరమాణువుల లెక్క రెండిట్లో ఒకటే, అవి అమరిన తీరే వేరు. పారిస్ దాకా తిరిగి నేను కనుక్కున్నదాన్ని అమ్మ ఎండాకాలం బండి దగ్గర, నిమ్మకాయ పిండించుకుని, గ్లాసులకి గ్లాసులు తాగేసింది.

"ఎట్టుంది మరి?" అన్నాను. కాసేపు ఆలోచించి, "కమ్మగుంది" అంది.

సెంటుని కమ్మగా ఉందనడం నేనెప్పుడూ వినలేదు. మల్లెల్ని ఎవరూ కమ్మగా ఉన్నాయనరు. కాగుతున్న వెన్నకి, మీగడ పెరుగుకి వాడే మాట అది. ఇలా తినాలనిపించే సెంట్లని వ్యాపారంలో గూర్మాండ్ అంటారు, 1992లో ఏంజెల్ అనే సెంటు వచ్చాక వీటికి ఊపొచ్చింది. మూడు నెలలుగా ఈ సీసా గురించి ఎవరికి ఎలా చెప్పాలో తెలియక "స్వీట్‌గా, వార్మ్‌గా" అని ఏదేదో అంటున్నాను. అమ్మ తువ్వాలు పట్టుకుని నిలబడి చెప్పేసింది.

మా ఆయన మాత్రం భోజనాల దగ్గర తలనొప్పిగా ఉందన్నారు, సెంటు వల్లేనట. 2022లో వచ్చిన ఒక అధ్యయనం చూపించాను. ఎడారుల్లో, అడవుల్లో, ఊళ్లల్లో, నగరాల్లో ఉండేవాళ్లకి పది వాసనలు చూపిస్తే అన్నిటికన్నా మంచి మార్కులు వెనిలిన్‌కే వచ్చాయి. చివరికి మిగిలింది చెమట పట్టిన పాదాల వాసన. "మనిషికీ మనిషికీ తేడా ఉంటుందని కూడా రాశారుగా" అని కింది పేరా చూపించారాయన. రాశారు, నిజమే.

పడుకోబోయే ముందు అమ్మ మెల్లిగా వచ్చి సీసా ఎంత అని అడిగింది. సగం చేసి చెప్పాను. ఆ సగానికే "ఎన్ని నన్నారి సీసాలొస్చాయో తెలుసునా?" అని బుగ్గ నొక్కుకుంది. ఆ తర్వాత చేతి రుమాలు నా ముందు చాపి, "రవ్వంత కొట్టు" అంది.

రేపు నన్నారి సీసా ఒకటి, అరడజను నిమ్మకాయలు. ఇస్త్రీ అబ్బాయి.