దారమేది?

జర్మనీలో గ్లైడర్, అంటే ఇంజిన్ లేని విమానం, నడపడం నేర్చుకుంటున్నాను. శనివారం నా వంతు వచ్చేలోపు ఊరికే ఉండలేక, కాక్‌పిట్ అద్దం తుడవడం మొదలుపెట్టాను. బయట సరిగ్గా మధ్యలో, టేపుతో అతికించిన బెత్తెడు ఎర్ర ఊలు దారం. ఏ తుడుపుగుడ్డదో ఊడి అంటుకుందనుకుని గోటితో గీకి పీకేశాను. (దిష్టికేమో అనే అనుమానం రాకపోలేదు. జర్మన్లకి దిష్టేంటిలే అనుకున్నా.)

వెనక సీట్లో ఎక్కబోతూ గురువుగారు, అరవై దాటిన పెద్దాయన, "దారమేది?" అన్నారు.

"శుభ్రం చేసేశానండీ!" గర్వంగా చెప్పాను.

అదొక పరికరమట! గ్లైడర్ గాలికి ఎదురుగా నేరుగా పోతుంటే దారం మధ్యలో ఉంటుంది. పక్కకి జారితే దారమూ ఓ పక్కకి వాలుతుంది. దారం తోక కుడికి వాలితే ఎడమ పెడల్ తొక్కాలి. బ్యాటరీ అక్కర్లేదు, రిపేరు లేదు, నాలాంటివాడు తగిలితే తప్ప.

చెత్తబుట్టంతా వెతికినా దొరకలేదు. చివరికి అమ్మ పంపిన మంకీ క్యాప్‌లోంచి ఓ పోగు లాగి అతికించాం. వించ్ (నేల మీద తాడు చుట్టే యంత్రం) తాడు మమ్మల్ని పైకి లాగుతుంటే నా కళ్లు కొండల మీద లేవు, ఆ పోగు మీదే.

రాత్రి ఫోన్లో అమ్మ: "టోపీ పెట్టుకున్నావా నాన్నా?"

"పెట్టామమ్మా. విమానానికి."