ఏసీ కింద బకెట్

మొన్న అమ్మా నేనూ దిగిన హోటల్ గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను. బిల్డింగుల మెయింటెనెన్స్ నా వృత్తి. అక్కడ ఏది ఎందుకు పాడైందో చూడగానే తెలిసిపోయింది, అందుకే కోపం ఇంకా ఎక్కువైంది.

తలుపు తీయగానే మురుగు వాసన. బాత్రూమ్ నేల మీది జాలీ లోంచి వస్తోంది. ఆ జాలీ కింద ట్రాప్ అనే వంపులో కాస్త నీళ్లు నిలిచి ఉండాలి, డ్రైనేజీ గాలి పైకి రాకుండా ఆపేవి అవే. గది చాలా రోజులు వాడకపోతే ఆ నీళ్లు ఆరిపోతాయి. మగ్గుతో నీళ్లు పోశాను, కాసేపటికి వాసన తగ్గింది. మాకు తాళం ఇచ్చేముందు ఎవరైనా ఒకసారి లోపలికి వచ్చి చూసుంటే ఆ పని వాళ్లే చేసేవాళ్లు.

అసలు బాధ ఏసీతో. దాని కింద ముందే ఒక బకెట్ పెట్టి ఉంది. ఏసీ లోపలి చల్లటి కాయిల్ మీద గాలిలోని తేమ నీరవుతుంది. అది ట్రేలో పడి, సన్నటి డ్రెయిన్ పైపు గుండా బయటికి పోవాలి. పైపులో పాచి, దుమ్ము పేరుకుంటే ఆ నీళ్లు గదిలోకే కారతాయి. చాలాసార్లు పైపు శుభ్రం చేస్తే తీరిపోయే సమస్య ఇది. కింద గోడంతా పసుపు చారలు కట్టి ఉంది, అంటే నిన్నామొన్నటి సంగతి కాదు.

రిసెప్షన్‌కి ఫోన్ చేస్తే, "ఆ రూమ్‌లో అంతేనండి, బకెట్ పెట్టాం కదా" అన్నారు. వేరే గది ఖాళీ లేదట. నాకు మనసు విరిగింది అక్కడే. తెలిసి కూడా ఆ గది మాకిచ్చారన్నమాట.

బకెట్ అంచున పడిన చుక్కలు నున్నటి టైల్స్ మీద చిందుతున్నాయి. అమ్మకి మోకాళ్ల నొప్పులు, రాత్రి బాత్రూమ్‌కి లేస్తుంది. జారితే? "పోనీలేరా, ఒక్క రాత్రేగా" అని తనే నాకు సర్దిచెప్పింది. ఏసీ ఆపేస్తే ఉక్క, వేస్తే టప్‌టప్‌మని చప్పుడు. ఆపేసి, నేల తుడిచి, తను లేచినప్పుడల్లా నేనూ లేచాను.

ఒక మాట చెప్పాలి. పరుపు కుట్ల వెంట నల్లులు, వాటి నల్లటి మచ్చలు ఉన్నాయేమోనని సామాను విప్పకముందే వెతికాను, ఏమీ లేవు. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. రాత్రి డ్యూటీలో ఉన్న అబ్బాయి అడగకుండానే పాత టవళ్లు తెచ్చి నేల మీద పరిచాడు. అతని తప్పేమీ లేదు.

ఇంటికొచ్చాక మేనేజర్‌కి ఏసీ, ట్రాప్ సంగతి వివరంగా రాశాను. ఈసారి వస్తే డిస్కౌంట్ ఇస్తామని జవాబు వచ్చింది. డిస్కౌంట్ వద్దు, పైపు బాగు చేయించేదాకా ఆ గది పెద్దవాళ్లకి ఇవ్వకండి అని మళ్లీ రాశాను. దానికి ఇంకా జవాబు రాలేదు.