విన్ మోక్ సొరంగంలో పురిటి గది

హ్యూ నగరం నుంచి ఉదయం ఏడింటికే బయలుదేరాం, నేనూ మా అక్కా. వియత్నాం వెళ్లే మనవాళ్లు ఎక్కువగా డా నాంగ్, హా లాంగ్ బే చూసుకుని వచ్చేస్తారు. అక్క కూడా అవి చాలంది. నేనే పట్టుబట్టి ఒక రోజు క్వాంగ్ ట్రీ రాష్ట్రం వైపు కారు మాట్లాడాను. నాన్న బతికుండగా ఆయన నోట తరచూ విన్న దేశం ఇది. దాన్ని ఒకప్పుడు రెండుగా విడదీసిన నది ఒడ్డున ఒకసారి నిలబడాలనిపించింది.

నది పేరు బెన్ హాయ్. గోదావరి చూసిన కళ్లకి పెద్ద కాలువలా కనిపించింది. దాని మీద హియెన్ లువాంగ్ వంతెన, పొడవు 178 మీటర్లు. ఉత్తరం వైపు సగానికి నీలం రంగు, దక్షిణం వైపు సగానికి పసుపు. ఈ దేశాన్ని ఏలిన ఫ్రెంచివాళ్లు ఓడిపోయాక 1954లో జెనీవాలో దేశాన్ని 17వ అక్షాంశం దగ్గర రెండుగా విడదీసి, ఈ నదినే హద్దు చేశారు. అదీ తాత్కాలికంగానే. 1956 జూలైలో ఎన్నికలు పెట్టి మళ్లీ కలిపేయాలని మాట. ఆ ఒప్పందం అమలును చూడటానికి వేసిన అంతర్జాతీయ కమిషన్‌కు అధ్యక్షత వహించింది మన దేశమే. కెనడా, పోలాండ్ సభ్యులు.

ఎన్నికలు జరగలేదు. ఉత్తరాన కమ్యూనిస్టుల పాలన. దక్షిణాన అధికారంలో ఉన్న న్గో దిన్ దియెమ్ ఒప్పుకోలేదు, అమెరికా ఆయన వెనక నిలబడింది. ఒక దేశం కమ్యూనిస్టుల చేతికి పోతే పక్క దేశాలూ వరసగా పోతాయని దాని భయం. ముందురోజు మేం కాళ్లు తడుపుకున్న డా నాంగ్ తీరంలోనే 1965 మార్చి 8న అమెరికా మెరీన్లు దిగారు. 1969 నాటికి అమెరికా సైనికులు 5 లక్షల 40 వేలు దాటారు. నదికి అటూ ఇటూ ఐదేసి కిలోమీటర్ల మేర సైన్యమే ఉండకూడదని జెనీవాలో అనుకున్నారు, అయినా బాంబులు ఎక్కువగా పడ్డ చోట్లలో అదీ ఒకటి. ఎవరి భయానికో ఈ ఊళ్లవాళ్లు ఇంత మూల్యం చెల్లించడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది.

అక్కడి నుంచి సముద్రం వైపు విన్ మోక్. పల్లెకు పల్లె భూమి కిందకి వెళ్లిపోయిన చోటు. ఎర్రమట్టిని చేతి పనిముట్లతో తవ్వి, దాదాపు రెండు కిలోమీటర్ల సొరంగాలు చేసుకున్నారు. మూడు అంతస్తులు, అన్నిటికన్నా కిందిది 23 మీటర్ల లోతున ఉంది. తల వంచుకునే నడిచాం. గోడలో కుటుంబానికో గూడు, పిల్లలతో కాళ్లు చాపుకుని పడుకోవడానికి చోటు చాలదు. పొయ్యి పొగను మట్టిలో పొడవాటి కాలువల్లోకి మళ్లించి, పైన విమానాలకు కనబడకుండా చేశారట.

తర్వాత ఆ గది. గైడ్ కుర్రాడు టార్చ్ వేసి, "ఇక్కడ పదిహేడు మంది పుట్టారు" అన్నాడు.

నేను ఇరవై ఏళ్లుగా లేబర్ రూమ్ నర్సుని. కాన్పు మధ్యలో కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు ఆ కాస్త వ్యవధికే నాకు చేతులు చెమటలు పడతాయి, ఎంత టెన్షనో చెప్పలేను. ఇక్కడ గాలి బరువుగా ఉంది, గోడ తడిగా ఉంది. రక్తస్రావం ఆగకపోతే ఏం చేసేవాళ్లు? కత్తెర ఎక్కడ మరగబెట్టేవాళ్లు? బొడ్డు కోసిన చేతులు ఎవరివో? పైన బాంబు పడి మట్టి రాలుతుంటే, నొప్పులు పడుతున్న మనిషికి ఊపిరి గట్టిగా పీల్చమని ఏ గొంతుతో చెప్పేవాళ్లు? గోడ మీద చెయ్యి పెట్టి నిలబడిపోయాను. వెనకవాళ్లు దారి కోసం ఆగారని అక్క భుజం తట్టేదాకా తెలియలేదు.

ఒక మలుపు తిరిగితే ఒక్కసారిగా వెలుతురు, ఎదురుగా సముద్రం. మేం లోపల ఉన్నది ముప్పావుగంటే. ఒడ్డున రాతి మీద కూర్చుని చాలాసేపు మాట్లాడుకోలేదు. వద్దు వద్దన్న అక్కే చివరికి గైడ్‌ని అడిగింది, ఆ పిల్లలంతా ఏమయ్యారని. కొందరు ఈ ఊళ్లోనే ఉన్నారని చెప్పాడు.

"పెద్దవాళ్లకి అరవై దగ్గర పడుతోందన్నమాట" అన్నాను.

"మన చిన్న మావయ్య ఈడు" అంది అక్క.