ఎండ సంచి

ఇవాళ మా పాప పుట్టినరోజు. ఉంటే 11 నిండేవి.

లుకేమియా. పిల్లలకొచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది అదే. మాకు అప్పటిదాకా ఆ పేరు పలకడం కూడా సరిగ్గా రాదు.

కీమో అయ్యాక ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టడానికి సాయపడే కణాలు, పడిపోయేవి. పళ్లు తోముకుంటే చాలు, చిగుళ్ల నుంచి రక్తం. అప్పుడు స్టాండుకి లేత పసుపు ప్లేట్‌లెట్ల సంచి తగిలించేవాళ్లు. "నాన్నా, నాకు ఎండ ఎక్కిస్తున్నారు" అనేది. ట్యూబులో చుక్కలు లెక్కపెడుతూ అలాగే నిద్రపోయేది. ఆ సంచులు ఎవరిచ్చారో మాకెప్పుడూ తెలియలేదు.

ప్లేట్‌లెట్లు మామూలుగా 5 రోజులకు మించి నిలవుండవు. ఫ్రిజ్‌లో పెట్టరు, 20-24 డిగ్రీల దగ్గర ఆపకుండా మెల్లగా ఊపుతూ ఉంచుతారు. అంటే మా పాప కోసం ఆ వారంలోనే ఎవరో వచ్చి, సూది గుచ్చించుకుని, గంటకు పైగా పడుకుని ఇచ్చి వెళ్లారన్నమాట! అది తెలిసినప్పటి నుంచి ప్రతి పుట్టినరోజుకీ నేనూ వెళ్లి ఇస్తున్నాను.

పుట్టినరోజుకి పెట్టే డబ్బేమో వాళ్లమ్మ పిల్లల వార్డులో ఉన్న కుటుంబాల దారి ఖర్చులకీ గది అద్దెలకీ ఇస్తుంది. మందులు దొరికినా, వచ్చిపోయే ఖర్చు మోయలేక వైద్యం మధ్యలో ఆపేసినవాళ్లని కళ్లారా చూశాం. ఆ తల్లుల ముఖాలు ఇప్పటికీ గుర్తే.

ఇవాళ సంచి నిండాక నర్సమ్మని అడిగి ఒక్క నిమిషం చేతిలోకి తీసుకున్నాను. గోరువెచ్చగా ఉంది. అదే రంగు.